బీరువాలో ఆగిపోయిన కుట్టుపని: దేనికి ఏ ముగింపు బాగుంటుంది?

కుట్టుపని సరదా ఉన్న ఏ ఇంట్లోనైనా బీరువా కింది అర వెతికితే ఓ కవరు దొరుకుతుంది. అందులో పువ్వులన్నీ కుట్టేసి రింగు నుంచి తీసి మడతపెట్టిన గుడ్డ, పైభాగం ముక్కలన్నీ అతికి వదిలేసిన బొంత, చేతులు ఎక్కించని కుర్తీ, ఫాల్ వేయని చీర ఉంటాయి. చాలావాటికి మిగిలింది ఒకటి రెండు పూటల పనే. అయినా నెలల తరబడి అలాగే పడి ఉంటాయి. ఇది బద్ధకం వల్ల అని నేను అనుకోను. పువ్వు కుట్టేటప్పుడు సూది ఎటు వెళ్ళాలో గుడ్డ మీద గీత ఉంటుంది. గీత అయిపోయాక వెనక ఏం వేయాలి, అంచు ఎలా మడవాలి, చేత్తో కుట్టాలా మిషన్ మీద వేయాలా అని నాలుగైదు నిర్ణయాలు ఒకేసారి మీద పడతాయి. ఇంత కష్టపడింది ఎక్కడ పాడవుతుందో అన్న టెన్షన్‌తో మళ్ళీ కవర్లోకే వెళ్ళిపోతుంది.

ఈ నిర్ణయాలన్నిటికీ ముందు నేను అడిగే ప్రశ్న ఒక్కటే: దీన్ని ఎవరు, ఎలా ఉతుకుతారు? వారం వారం వాషింగ్ మెషిన్‌లో పడే పసిపిల్లల బొంతకూ, ఏడాదికోసారి డ్రైక్లీనింగ్‌కు వెళ్ళే పట్టు జాకెట్టుకూ, నీళ్ళే తగలని గోడ మీది ఫ్రేముకూ ఒకే ముగింపు సరిపడదు. ఉతుకు సంగతి తేలితే సగం చిక్కులు వాటంతటవే విడిపోతాయి.

అనుకున్నంత చేయాలా, తగ్గించి ముగించాలా

డబుల్ కాట్ దుప్పటి అంతా పూలు కుట్టాలని మొదలుపెట్టి రెండు మూలలు పూర్తయ్యాక ఆగిపోయిందనుకోండి. మొదట దారం చూసుకోండి. ఆరు పోగుల ఎంబ్రాయిడరీ దారం ఒక చుట్ట 8 మీటర్లు ఉంటుంది, దాని మీద చుట్టిన కాగితంపై రంగు నంబరు ఉంటుంది. ఆ నంబరు దారం మళ్ళీ దొరుకుతూ, చేయి కూడా ఇంకా ఆ పని మీదికి పోతుంటే అనుకున్నట్టే కొనసాగించండి. కాగితం పోయి, రంగు కలవక, ఆ డిజైన్ మీద మోజు కూడా తగ్గితే కుట్టిన రెండు మూలలూ రెండు దిండు గలీబులు అవుతాయి. తగ్గించడాన్ని ఓటమిగా తీసుకోవద్దని గట్టిగా చెబుతాను. వాడకంలోకి వచ్చిన గలీబు బీరువాలో ఉన్న దుప్పటి కంటే ఎంతో మేలు.

క్విల్ట్, అంటే ముక్కలు అతికి కుట్టే బొంత, దాని పైభాగం కూడా అంతే. అతికిన ముక్కలు మంచానికి చాలకపోతే ఉయ్యాలకు సరిపోతాయేమో, సోఫా మీద కప్పడానికి సరిపోతాయేమో కొలిచి చూడండి.

బొంత, క్విల్ట్: లోపల ఏం పెట్టాలి

మన ఇళ్ళలో పాత నూలు చీరలే బొంతకు లోపలి పొరలు. బజార్లో దొరికేవి పాలిస్టర్ వాడింగ్, కాటన్ వాడింగ్, అంటే పొరల మధ్య పరిచే మెత్తని దూదిలాంటి పరుపులు.

నా ఓటు పాత చీరలకే. ఎన్నో ఉతుకులు చూసిన చీర ఇక కుంచించుకుపోదు, రంగూ వదలదు. సుమారు 5.5 మీటర్ల చీరను పొడవులో సగానికి మడిస్తే రెండు పొరలు వస్తాయి, రెండు చీరలైతే నాలుగు పొరలు. మడత పొడవు సుమారు 2.75 మీటర్లు, వెడల్పు 45 అంగుళాల దాకా ఉంటుంది కాబట్టి సింగిల్ కాట్‌కు ధారాళంగా సరిపోతుంది. మన ఎండల్లో ఈ బొంత ఒంటి చెమటను పీల్చుకుంటుంది. ఇబ్బంది వానాకాలంలోనే. నాలుగు పొరల నూలు తడిస్తే మోయలేనంత బరువెక్కుతుంది, ముసురు పట్టిన రోజుల్లో ఆరక ముక్క వాసన వస్తుంది. చీరల్లో ఎక్కడైనా నేత పలచబడి వేలితో నొక్కితే చిరిగేలా ఉంటే ఆ భాగం కత్తిరించేయండి, పొరల మధ్య కదా కనబడదులే అని వదలొద్దు. కొత్తగా కుట్టిన చోట ముందు తెగేది అదే.

పాలిస్టర్ వాడింగ్ తేలిక, ఉబ్బుగా కనిపిస్తుంది, త్వరగా ఆరుతుంది, ధరా తక్కువే. మెషిన్‌లో తరచూ ఉతికే పిల్లల బొంతలకు ఇదే సౌకర్యం. కానీ దాని మీద వేడి ఇస్త్రీ పెట్టారంటే అణిగి అట్టలా అయిపోతుంది, మళ్ళీ లేవదు. కాబట్టి పైభాగం అతుకులన్నీ ఇస్త్రీ చేసుకున్నాకే లోపల వాడింగ్ పరచండి. ఏసీ లేని గదిలో పడుకునే పెద్దవాళ్ళకు మాత్రం నేను దీన్ని చెప్పను.

కాటన్ వాడింగ్ ఒంటికి చీరలంత హాయి, కుట్టడానికి చీరల కంటే సులువు. మొదటి ఉతుకులో కొద్దిగా కుంచించుకుపోయి బొంత మీద చిన్న ముడతలు తెస్తుంది. కొందరికి ఆ ముడతలే ముద్దు. నున్నగా ఉండాలనుకునేవారు దీని జోలికి పోకపోవడమే మంచిది. ప్యాకెట్‌లో వచ్చే రకాల మీద ఎన్ని అంగుళాలకు ఒక కుట్టు పడాలో రాసి ఉంటుంది. దానికంటే ఎడంగా కుడితే ఉతికేకొద్దీ లోపల వాడింగ్ ఉండలు కడుతుంది.

పొరలు కలిపేది చేతి కుట్టా, మిషనా, ముడులా

ఏది ఎంచుకున్నా ముందు పొరలను నేల మీద సాఫీగా పరిచి, అరచేతి వెడల్పుకు ఒకటి చొప్పున పిన్నీసులు పెట్టాలి, లేదా పెద్ద పెద్ద కచ్చా కుట్లు వేసుకోవాలి. అడుగు గుడ్డ నాలుగు వైపులా 3 అంగుళాలు ఎక్కువ ఉండాలి. కుట్టేకొద్దీ పొరలు జరుగుతాయి, ఆ జరుగుబాటు ఈ 3 అంగుళాల్లో సర్దుకుంటుంది.

పాత చీరల బొంతకు చేతి కుట్టే నప్పుతుంది. మందపాటి నూలు దారంతో బెత్తెడు ఎడంలో వరసలుగా సాదా కుట్టు వేసుకుంటూ పోవడమే. నిదానమైన పనే, కానీ టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు, గుడ్డ ఎక్కడా లాగినట్టు ఉండదు. ఒకచోట దారం తెగినా ఆ వరస మాత్రమే వదులవుతుంది.

మిషన్ వేగంగా పని తెముల్చుతుంది, కుట్టు గట్టిగా ఉంటుంది. పాలిస్టర్, కాటన్ వాడింగ్‌లకు నేనైతే మిషనే అంటాను. సూది 16 నంబరు పెట్టండి, కుట్టు పొడవు 3 దగ్గర ఉంచండి, మధ్య వరసతో మొదలుపెట్టి రెండు వైపులకూ పొండి. ఒక అంచు నుంచి మొదలుపెడితే పైగుడ్డ ముందుకు జరిగి రెండో అంచు దగ్గర ముడత పోగవుతుంది. పొరలన్నిటినీ సమానంగా లాగే వాకింగ్ ఫుట్ మీ మిషన్‌కు దొరికితే తెచ్చుకోండి, క్విల్టింగ్‌కు పెట్టే ఖర్చుల్లో నేను ముందు చెప్పేది అదే. డబుల్ కాట్ బొంతను మాత్రం ఇంటి మిషన్ చేయి కింద దూర్చడం భుజాలకు పెద్ద పరీక్ష. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఇంకో దారి ఉంది. అక్కడ లాంగ్‌ఆర్మ్ (పొడుగు చేయి ఉన్న పెద్ద క్విల్టింగ్) మిషన్లున్నవాళ్ళు పైభాగం, అడుగు గుడ్డ ఇస్తే పొరలు కలిపి కుట్టిస్తారు, సాధారణంగా చదరపు అంగుళానికి ఇంత అని తీసుకుంటారు. అంచు మనమే వేసుకోవచ్చు.

ముడుల పద్ధతి ఇక్కడ అంతగా వాడుకలో లేదు కానీ తొందరలో ఉన్నవాళ్ళకు అక్కరకొస్తుంది. 4 అంగుళాలకొకచోట మందపాటి నూలు దారం దింపి పైకి తీసి రెండు ముళ్ళు వేసి కత్తిరించడమే. పాలిస్టర్ వాడింగ్‌కు సరిపోతుంది. ఏడాదిలోపు పిల్లలకు మాత్రం వద్దు, ముడి కొసలు నోట్లో పెట్టుకుంటారు. గుండీలు, పూసలు అసలే వద్దు.

అంచు: ఇక్కడే ఎక్కువమంది ఆగిపోతారు

అంచుకు మూడు పద్ధతులు బాగా నిలుస్తాయి. విడిగా పట్టీ వేసే బైండింగ్, అడుగు గుడ్డనే పైకి మడవడం, గలీబులా లోపలి నుంచి బయటికి తిప్పడం.

రోజూ వాడి తరచూ ఉతికే బొంతకు విడి బైండింగే వేయండి. రెండు మడతల పట్టీ కాబట్టి అంచు మీద రెండు పొరల గుడ్డ ఉంటుంది. బొంతలో ముందు అరిగేది అంచే. అరిగినప్పుడు ఆ పట్టీ ఒక్కటీ విప్పి కొత్తది వేస్తే బొంత మళ్ళీ కొన్నేళ్ళు వస్తుంది. లెక్క కష్టం కాదు. 60 × 90 అంగుళాల బొంత చుట్టుకొలత 300 అంగుళాలు. అతుకులకూ మూలలకూ 12 కలిపితే 312. సుమారు 42 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో 2.5 అంగుళాల వెడల్పు పట్టీలు 8 తీస్తే చాలు, అంటే 20 అంగుళాలు, కత్తిరింపులో పోయేదీ కలిపి 60 సెంటీమీటర్ల గుడ్డ. తిన్నని అంచులకు గుడ్డ అడ్డంగా కత్తిరించిన పట్టీ సరిపోతుంది. వంపులుంటేనే ఏటవాలుగా కత్తిరించిన క్రాస్ పట్టీ కావాలి.

భయపెట్టేది మూల. దాన్ని కొంచెం దగ్గరగా చూద్దాం. పట్టీని పొడవునా సగానికి మడిచి ఇస్త్రీ చేసి, తెరిచి ఉన్న అంచు బొంత అంచుతో కలిసేలా పైన పెట్టి పావు అంగుళం లోపలగా కుడుతూ వస్తారు. మూల ఇంకా పావు అంగుళం ఉందనగా ఆపి, వెనక్కి రెండు కుట్లు వేసి దారం తెంపేయండి. బొంతను తిప్పండి. ఇప్పుడు పట్టీని పైకి, మీకు ఎదురుదిశలో మడవండి. మూల దగ్గర ఏటవాలు గీతలా ఒక మడత కనిపించాలి. ఆ మడతను వేలితో నొక్కిపట్టి, పట్టీని మళ్ళీ కిందికి దించి కొత్త అంచుతో కలపండి. పైమడత బొంత పై అంచుతో సరిగ్గా సమానంగా ఉండాలి. అక్కడి నుంచి, అంచు మొదలు నుంచే, మళ్ళీ కుట్టు మొదలుపెట్టండి. నాలుగు వైపులూ అయ్యాక పట్టీని వెనక్కి తిప్పితే మూలలో ఏటవాలు మడత దానంతటదే కూర్చుంటుంది. వెనక వైపు చేత్తో హెమ్మింగ్ చేయండి. మిషన్ మీద కూడా వేయొచ్చు, కానీ వెనక పట్టీ అంచు కుట్టు కింద పడిందో లేదో పైనుంచి కనబడదు. నిదానంగా చేసే చేతి హెమ్మింగ్ ఈ పని మొత్తంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం.

అడుగు గుడ్డను పైకి మడిచే పద్ధతిలో వేరే పట్టీ అక్కర్లేదు. పొరలు కుట్టాక పైభాగం, వాడింగ్ సమానంగా కత్తిరించి, అడుగు గుడ్డ మాత్రం చుట్టూ 1 అంగుళం వదలాలి. సగం లోపలికి, మళ్ళీ సగం పైకి మడిస్తే అర అంగుళం అంచు వస్తుంది. గోడకు వేలాడదీసేవాటికి, టేబుల్ రన్నర్లకు, టీ కెటిల్ మీద కప్పేవాటికి ఇది చాలు. అంచు మీద ఒకే పొర ఉంటుంది, అది చిరిగితే మార్చడానికి వీలుండదు. అందుకే మంచం మీది బొంతకు నేను చెప్పను.

మూడోది గలీబు పద్ధతి. పైగుడ్డ, అడుగు గుడ్డ మంచి వైపులు ఎదురెదురుగా పెట్టి, వాడింగ్ కింద ఉంచి, చుట్టూ కుట్టి, ఒక పక్క జానెడు సందు వదిలి, అందులోంచి బయటికి తిప్పి ఆ సందును చేత్తో మూసేయడం. పొత్తిళ్ళ బొంతకు ఇంతకంటే సులువు లేదు. పెద్దవాటిలో లోపలి పొర మూలల్లో ఉండ చుట్టుకుంటుంది.

బైండింగ్ అసలే వద్దనుకునేవాళ్ళు కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో యల్లాపూర్, హళియాళ వైపు సిద్ది తెగ స్త్రీలు కుట్టే కవంది అనే బొంత చూడండి. అడుగు గుడ్డగా చీర పరిచి, పైన పాత గుడ్డ ముక్కలు అంచు నుంచే మొదలుపెట్టి మడతపెడుతూ, సాదా కుట్టుతో చుట్టూ తిరుగుతూ మధ్యకు వస్తారు. మధ్యలో చివరి ముక్క పడేసరికి పొరలూ కలుస్తాయి, అంచూ అప్పటికే అయిపోయి ఉంటుంది. అంచు దగ్గర ఆగిపోయే అలవాటున్నవాళ్ళు తర్వాతి బొంత ఈ దారిలో మొదలుపెట్టండి.

ఎంబ్రాయిడరీ గుడ్డ: ఫ్రేమా, కుషనా, ఒంటి మీదికా

ముందు ఉతుకు. నీళ్ళతో పోయే నీలం పెన్నుతో డిజైన్ గీసి ఉంటే, ఆ గీతలు చల్లని నీళ్ళలో పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి, వేడి తగిలితే మరక అతుక్కుపోతుంది. ఎర్ర దారం రంగు వదిలితే ఆరనివ్వకుండా చల్లని నీళ్ళు మారుస్తూ, తేటగా వచ్చేదాకా జాడించండి. తర్వాత టవల్ మీద బోర్లా వేసి వెనక నుంచి ఇస్త్రీ చేస్తే కుట్టు అణగదు. జర్దోసీ, మగ్గం వర్క్ చేసినవాటికి ఈ పద్ధతి పనికిరాదు, అవి డ్రైక్లీనింగ్‌కే ఇవ్వాలి.

ఫ్రేము కట్టిస్తే సన్నని పని ఏళ్ళ తరబడి నిలుస్తుంది. గుడ్డ చుట్టూ 3 అంగుళాలు వదిలి ఉంటేనే అట్టకు బిగించడం కుదురుతుంది. షాపులో గమ్ పూసి అతికిస్తామంటే ఒప్పుకోకండి, గమ్ కొన్నేళ్ళకు పసుపు మరకై పైకి తేలుతుంది. అట్ట వెనక నుంచి గట్టి దారంతో అటూ ఇటూ లాగి కుట్టి ఇవ్వండి. మధ్యలో మొదలుపెట్టి చివరలకు వస్తే గుడ్డ సమానంగా బిగుస్తుంది. ఈ పని ఇంట్లోనే అవుతుంది, షాపువాళ్ళు ఫ్రేము మాత్రం బిగిస్తారు. అద్దం గుడ్డకు తగలకుండా మధ్యలో సందు ఉంచమని చెప్పండి. విశాఖ, కాకినాడ లాంటి తేమ ఊళ్ళలో అద్దానికి అంటుకున్న గుడ్డ బూజు పడుతుంది. ఎండ పడే గోడ కూడా వద్దు.

కుట్టిన రింగులోనే ఉంచి గోడకు పెట్టేయడం అన్నిటికంటే సులువు, కానీ దుమ్ము పడుతుంది. పిల్లల గదిలో కొన్నాళ్ళు ఉంచడానికి సరే, నెలలు పట్టిన పనికి నేను ఒప్పుకోను.

గొలుసు కుట్టు, కాడ కుట్టు లాంటి గట్టి కుట్లతో చేసినవి కుషన్ కవరుకు బాగుంటాయి. వదులుగా పొడుగ్గా పరుచుకునే శాటిన్ కుట్టు ఉన్నవి గోడకే మంచిది, వీపు రాపిడికి ఆ పోగులు లేచిపోతాయి. జిప్ వేయడం తెలియకపోతే ఒకదానిమీదొకటి ఎక్కే రెండు వెనక ముక్కలు వేయండి. 16 అంగుళాల కుషన్‌కు ముందు ముక్క 17 × 17, వెనక ముక్కలు 17 × 12 చొప్పున రెండు. వెనక ముక్కల్లో ఒక్కో అంచు 1 అంగుళం మడిచి కుడితే 5 అంగుళాల మేర ఒకదానిమీదొకటి పడతాయి. జిప్ కంటే ఇదే మెరుగని నా అభిప్రాయం, పాడవడానికి ఇందులో ఏమీ లేదు.

చీర మీద చేసిన పనికి వెనక వైపే అసలు సమస్య. కుచ్చిళ్ళ లోపల పొడుగాటి పోగులుంటే మెట్టెలకూ పట్టీలకూ తగులుకుంటాయి. అంచు దగ్గరి పనికి ఫాల్ కాస్త వెడల్పుగా వేస్తే సగం కాపాడుతుంది. పైన ఉన్నవాటికి పలచని నూలు గుడ్డ ముక్క వెనక పెట్టి చుట్టూ హెమ్మింగ్ చేయండి. పిల్లల గౌన్లకు ఇస్త్రీతో అతుక్కునే మెత్తని పేస్టింగ్ చాలు, ఒంటికి గుచ్చుకోదు.

నర్సాపురం వైపు చేసే క్రోషే లేసు గలీబులకూ టేబుల్ గుడ్డలకూ చక్కటి అంచు. అది నూలు కాబట్టి ఒకసారి తడిపి ఆరబెట్టాకే కుట్టండి, లేకపోతే మొదటి ఉతుకుకే గుడ్డను ముడుచుకునేలా లాగేస్తుంది.

బట్టల లోపలి అతుకులు

ఇక్కడ ఎక్కువ ఆలోచించాల్సింది లేదు. నూలు కుర్తీలు, నైటీలు, రోజువారీ బట్టలకు ఇంటర్‌లాక్ (అంచు పోగులు ఊడకుండా మిషన్ మీద వేసే కుట్టు) చేయించండి. ఇంట్లో జిగ్‌జాగ్ వచ్చే మిషన్ ఉంటే అదీ సరే. పలచని వాయిల్, ఆర్గంజా లాంటివాటికి ఇంటర్‌లాక్ దారం పైకి కనబడుతుంది. వాటికి ఫ్రెంచ్ సీమ్ వేయండి. మొదట చెడు వైపులు కలిపి పావు అంగుళం కుట్టి, ఆ అంచు సగానికి కత్తిరించి, తిప్పి మంచి వైపులు కలిపి మరో పావు అంగుళం కుడితే పోగులన్నీ లోపలే ఉండిపోతాయి. అర అంగుళం గుడ్డ వదిలి కత్తిరించి ఉంటేనే ఇది కుదురుతుంది, లేకపోతే బట్ట బిగుతవుతుంది. లైనింగ్ వేసే జాకెట్లకు ఏదైనా ఒకటే. చీర కొంగుకు పీకో చాలు. కుచ్చులు వేయాలనుకుంటే పీకో చేయించకండి, ఆ పోగులే కుచ్చులకు కావాలి.

టైలర్‌కు ఇవ్వాలనిపిస్తే

ఇవ్వండి, తప్పేమీ లేదు. ఇంటర్‌లాక్, పీకో, జిప్, కాజాలు బయట చేయిస్తే శుభ్రంగా వస్తాయి, ఖర్చూ తక్కువే. బొంత అంచు, ఎంబ్రాయిడరీ గుడ్డ కత్తిరింపు మాత్రం మీ చేతుల్లోనే ఉంచుకోండి. పువ్వు ఎక్కడ మధ్యకు రావాలో కుట్టిన మీకే తెలుసు. ఇచ్చేముందు గుడ్డ మీద కత్తిరింపు గీత చాక్‌పీస్‌తో గీసి, దాని మీద కచ్చా కుట్టు వేసి, "అమ్మా, ఈ కుట్టు బయటే కత్తెర పెట్టండి" అని చూపించి చెప్పండి. లైనింగ్ మ్యాచింగ్ సెంటర్ నుంచి మీరే తెచ్చి, ఒకసారి తడిపి ఆరబెట్టి ఇస్తే తర్వాత ఉతుకులో లోపలి గుడ్డ కుంచించుకుపోయి పై కుట్టును లాగదు. పండగలు, పెళ్ళిళ్ళ రద్దీలో ఇస్తే పని తొందరలో అవుతుంది. ఆషాఢంలో పెళ్ళి బట్టల ఒత్తిడి కాస్త తగ్గుతుంది కాబట్టి అడిగింది ఓపిగ్గా వింటారు, ఆగిపోయిన గుడ్డలన్నీ అప్పుడే ఒకేసారి పట్టుకెళ్ళండి.